కేశ్‌కాల్ కనుమలో లారీల బారులు: సిగ్నల్ పెట్టేముందు కంప్యూటర్‌లో ఒక పరీక్ష

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే వాహనం కాంకేర్ దాటిన కొంతసేపటికి కొండ ఎక్కక తప్పదు. అదే కేశ్‌కాల్ ఘాట్. పన్నెండు మలుపుల ఘాట్‌గా దానికి పేరు. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారిలో భాగమైన ఈ దారి ఇప్పుడు 30వ నంబరు రహదారిలో ఉంది. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలైన ఈ రోడ్డు బస్తర్‌ను నిలువునా దాటి, కుంట, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. తెలుగు నేల నుంచి రాయ్‌పూర్ వైపు ఈ దారిన వెళ్లే లారీ డ్రైవర్లకు ఆ మలుపులు బాగా తెలుసు.

ఇనుప ఖనిజం, సిమెంటు, బియ్యం, ఇంధనం, ప్రయాణికుల బస్సులు అన్నీ ఈ ఇరుకు దారినే పంచుకుంటాయి. పొడవాటి ట్రైలర్ ఒక్కటి మలుపులో ఆగిపోతే రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ బారు తీరుతుంది. 2024 నవంబర్‌లో మరమ్మతుల కోసం వాహనాలను వేరే దారులకు మళ్లించాల్సి వచ్చింది. జగదల్‌పూర్‌లో వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నా, అక్కడ నయం కాని కేసులను దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌కే పంపుతారు. రైల్లో వెళ్దామంటే కోరాపుట్, రాయగడ చుట్టి వెళ్లాలి. అది రోడ్డు దూరానికి రెట్టింపు. కాబట్టి ఘాట్‌లో బారు తీరిన రాత్రి దాని వెనక చిక్కుకునేది సరుకు ఒక్కటే కాదు. అంబులెన్స్ కూడా ఉండవచ్చు.

ఇలాంటి చోట ఏం చేయాలి? కెమెరాలు, సెన్సర్లు పెట్టి సిగ్నళ్లతో నడిపించాలా? లారీలను రాత్రివేళకే పరిమితం చేయాలా? ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంతులవారీగా వదలాలా? వీటిని నేరుగా రోడ్డు మీద ప్రయోగించి చూడడం ఖరీదైన పని, ప్రమాదకరం కూడా. అందుకే రవాణా ఇంజినీర్లు ముందుగా ఆ రోడ్డును కంప్యూటర్‌లో కడతారు. దానిమీద వేల వాహనాలను పరిగెత్తించి, ఒక్కో ఉపాయాన్నీ అక్కడ పరీక్షిస్తారు. దీన్నే ట్రాఫిక్ సిమ్యులేషన్, అంటే రద్దీ అనుకరణ అంటారు.

నాలుగు నియమాల రోడ్డు

ఈ విద్యలో అందరికీ అర్థమయ్యే నమూనా ఒకటుంది. 1992లో జర్మనీకి చెందిన కై నాగెల్, మైకేల్ ష్రెకెన్‌బెర్గ్ దాన్ని రూపొందించారు. రోడ్డును 7.5 మీటర్ల గళ్లుగా విడగొట్టాలి. ఒక్కో గడిలో ఒక వాహనం ఉండవచ్చు, లేదా గడి ఖాళీగా ఉండవచ్చు. ప్రతి సెకనుకూ ప్రతి వాహనం నాలుగు పనులు చేస్తుంది. వీలైతే వేగం ఒక మెట్టు పెంచుతుంది. ముందున్న ఖాళీ చాలకపోతే ఆ ఖాళీకి తగినంతకు వేగం తగ్గిస్తుంది. అప్పుడప్పుడు ఏ కారణం లేకుండానే ఇంకో మెట్టు తగ్గిస్తుంది. చివరికి ఆ వేగంతో ముందుకు జరుగుతుంది. అంతే.

మూడో నియమం వింతగా అనిపించవచ్చు కానీ ఆయువుపట్టు అదే. డ్రైవర్లు యంత్రాలు కారు. ఒకరు ఫోన్ చూస్తారు, ఇంకొకరు గేరు మార్చడంలో ఆలస్యం చేస్తారు. ఆ చిన్న తడబాటు వెనకవాడికి కొంచెం పెద్దదవుతుంది, వాడి వెనకవాడికి మరింత పెద్దదవుతుంది. 2008లో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో నడపమని చెప్పి ఈ సంగతిని ప్రత్యక్షంగా చూపారు. సిగ్నల్ లేదు, మలుపు లేదు, ప్రమాదమూ లేదు. అయినా కాసేపటికి కార్లు ఒకచోట ముద్దకట్టాయి, ఆ ముద్ద అలలా వెనక్కి కదిలింది. సగటు వేగం, సగటు దూరం పెట్టి కాగితం మీద వేసే లెక్కలకు ఈ అల దొరకదు. ఒక్కో వాహనాన్నీ విడిగా నడిపే అనుకరణకు దొరుకుతుంది.

నేటి సాఫ్ట్‌వేర్లు ఇంతకన్నా చాలా లోతుకు వెళ్తాయి. జర్మన్ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్ 2001 నుంచి అభివృద్ధి చేస్తున్న 'సుమో'ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాణిజ్యపరంగా దొరికే 'విస్సిమ్'కు పునాది 1974లో వీడెమాన్ రాసిన డ్రైవర్ ప్రవర్తన సూత్రాలు. అయితే ఇవన్నీ పుట్టింది వాహనాలు గీతల మధ్య వరుసగా నడిచే దేశాల్లో. మన రోడ్డు మీద లారీ పక్కనుంచి బైకు దూరుతుంది, ఆటో సగం వరుసను ఆక్రమిస్తుంది. అందుకే ఐఐటీ బొంబాయి పరిశోధకులు సుమోను ఆధారంగా చేసుకుని మిశ్రమ రద్దీకి 'సిమ్‌ట్రామ్' అనే రూపం తయారుచేశారు. మన రోడ్ల సామర్థ్యాన్ని మన కొలతలతోనే లెక్కగట్టేందుకు కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్ఆర్ఐ ఆధ్వర్యంలో 'ఇండో-హెచ్‌సీఎం' అనే సంపుటి 2017లో వచ్చింది.

ఘాట్‌ను నమూనాలోకి దించడం

హైదరాబాద్ కూడలికి సరిపోయే నమూనాను తెచ్చి కేశ్‌కాల్‌లో పెడితే పొరపాటే. కూడలిలో వేగాన్ని నిర్ణయించేది సిగ్నల్. కొండమీద దాన్ని నిర్ణయించేది భౌతికశాస్త్రం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొండ రోడ్లకు సూచించే సాధారణ వాలు 20కి 1, అంటే 5 శాతం. 40 టన్నుల లారీ ఆ వాలు ఎక్కాలంటే గురుత్వాకర్షణకు ఎదురుగా దాదాపు 19,600 న్యూటన్ల బలం కావాలి. టైర్ల రాపిడికి ఇంకో 3,900. ఇంజిన్ నుంచి చక్రాలకు 120 కిలోవాట్లు అందుతున్నాయనుకుంటే, ఆ లారీ చేరగల గరిష్ఠ వేగం సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు. డ్రైవర్ ఎంత నేర్పరి అయినా దాన్ని దాటలేడు. 2018లో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితిని 20 నుంచి 25 శాతం పెంచింది. ఒక్కో లారీ ఎక్కువ సరుకు మోయగలగడం మంచిదే కానీ, ఇంజిన్ మారకుండా బరువు పెరిగితే కొండమీద వేగం అదే మేరకు పడిపోతుంది. సరుకు దింపుకుని ఖాళీగా ఎక్కే లారీని, నిండుగా ఎక్కే లారీని నమూనాలో ఒకే రకంగా పెడితే ఫలితం మొదటి అడుగులోనే తప్పుతుంది.

రెండోది మలుపు. రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హెయిర్‌పిన్ మలుపులో లోపలి వంపు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు ఉండాలి. జాతీయ రహదారి మీద మలుపు కొసన రోడ్డు 11.5 మీటర్ల వెడల్పు ఉండాలి. ట్రైలర్ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో నడవవు, లోపలికి కోసుకుపోతాయి. అందువల్ల అది ఎదుటివాడి వరుసను కూడా కాసేపు ఆక్రమిస్తుంది. సాధారణ సాఫ్ట్‌వేర్‌లో వాహనం తన వరుస మధ్యగీత మీద పట్టాలెక్కినట్టు సాగిపోతుంది. అలాంటి నమూనాలో రెండు ట్రైలర్లు మలుపులో హాయిగా ఒకదాన్నొకటి దాటుకుంటాయి. నిజంగా అయితే అక్కడే ఘాట్ మూసుకుపోతుంది.

ఇక స్థానికుల అలవాట్లు. ఘాట్‌లో తేలిన్ సతీ మాత గుడి ఉంది. దారినపోయే డ్రైవర్లు అక్కడ ఆగి దండం పెట్టుకుని కదులుతారు. బయటినుంచి వచ్చిన నమూనాకారుడికి ఆ బిందువు దగ్గర వేగం ఎందుకు పడిపోతుందో అర్థం కాదు. గణాంకాల్లో దాన్ని దోషంగా భావించి చెరిపేసే ప్రమాదమూ ఉంది. వారపు సంత రోజున రోడ్డు పక్క రద్దీ వేరు. 75 రోజులు సాగే బస్తర్ దసరా సమయంలో జగదల్‌పూర్ వైపు వెళ్లే ప్రయాణికుల లెక్క వేరు. వానాకాలంలో తడిసిన రోడ్డు మీద దిగేవాడి వేగం వేరు. వీటన్నిటికీ విడివిడి కొలతలు కావాలి. కొండకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి కెమెరా పెట్టి, ఏ వాహనం ఎన్ని నిమిషాల్లో దాటిందో కొన్నిరోజులు నమోదు చేస్తే నమూనాకు ప్రాణం వస్తుంది. ఆ కొలతల్లో సగం రోజులవి నమూనాను సరిదిద్దడానికి వాడి, మిగతా రోజులవి దాచిపెట్టాలి. నమూనా తాను చూడని ఆ రోజుల్ని సరిగ్గా చెప్పగలిగితేనే దాని మాటకు విలువ.

వంతుల లెక్క

తిరుమల వెళ్లినవాళ్లకు ఒక పరిష్కారం తెలిసిందే. అక్కడ ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరొకటి. మొదటిది 1944 నాటిది, రెండోది 1970ల్లో వచ్చింది. కేశ్‌కాల్‌లో ఉన్నది ఒక్కటే దారి. కాబట్టి వాహనాలను వంతులవారీగా వదలాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. దాన్ని కొన్ని ఊహా సంఖ్యలతో పరిశీలించవచ్చు. ఇవి ఘాట్‌లో కొలిచినవి కావు, లెక్క తీరు చూపడానికి తీసుకున్నవి.

ఘాట్ పొడవు 4 కిలోమీటర్లు. ఎక్కే వేగం గంటకు 15 కిలోమీటర్లు, దిగే వేగం 20. ఒక్కో వైపు 30 నిమిషాలు వదిలితే, చివరి లారీ కొండ ఎక్కేసేదాకా 16 నిమిషాలు, దిగేసేదాకా 12 నిమిషాలు ఆగాలి. మొత్తం చక్రం 88 నిమిషాలు. ఎదురు వాహనం లేదు కాబట్టి 6 సెకన్లకు ఒకటి చొప్పున వదిలినా, ఒక్కో వైపు నుంచి గంటకు సగటున వెళ్లగలిగేవి దాదాపు 205 మాత్రమే. ఎర్ర దీపం పడ్డాక గరిష్ఠంగా వేచి ఉండాల్సింది 58 నిమిషాలు. గంటకు 200 వాహనాలు వస్తుంటే ఆ లోపల 190కి పైగా పోగవుతాయి. ఒక్కోదానికి 15 మీటర్లు వేసుకుంటే దాదాపు 3 కిలోమీటర్ల బారు.

ఇప్పుడు ఘాట్ మొత్తాన్ని వదిలేసి, ఇరుకైన ఒక్క మలుపు దగ్గరే వంతులు పెట్టి చూడాలి. 100 మీటర్ల మలుపును 10 కిలోమీటర్ల వేగంతో దాటడానికి 36 సెకన్లు. ఒక్కో వైపు 90 సెకన్ల పచ్చ దీపం ఇస్తే చక్రం 252 సెకన్లు. వెళ్లేవి గంటకు దాదాపు 214. ముందటి లెక్కకు దాదాపు సమానం. కానీ గరిష్ఠ నిరీక్షణ 58 నిమిషాల నుంచి 2 నిమిషాల 42 సెకన్లకు పడిపోయింది. బారు 9 వాహనాలు, అంటే 135 మీటర్లు.

ఇంతవరకు కాగితం చాలు. దాని తర్వాతే కంప్యూటర్ అవసరం పడుతుంది. పన్నెండు మలుపులకూ ఇలాంటి సిగ్నళ్లు పెడితే ఒక మలుపు దగ్గర ఆగిన 135 మీటర్ల బారు వెనకున్న మలుపును మూసేయవచ్చు. ఆ మలుపులోంచి బయటపడలేని ట్రైలర్ కిందికి వచ్చేవాళ్లకు అడ్డం పడుతుంది. రెండు బారులు ఒకదాన్నొకటి బిగించి, పచ్చ దీపం వెలుగుతున్నా ఎవరూ కదలని స్థితి వస్తుంది. పైగా గంటకు 214 వెళ్లగల చోటికి 200 వస్తున్నాయంటే సగటు లెక్క 'సరిపోతుంది' అంటుంది. నిజానికి లారీలు సమాన దూరంలో రావు, గుంపులుగా వస్తాయి. సామర్థ్యానికి అంత దగ్గరగా నడిచే వ్యవస్థలో ఒక్క గుంపు చాలు, బారు గంటలకొద్దీ తగ్గదు. అనుకరణను ఒకసారి నడిపి ఆపకుండా, యాదృచ్ఛిక సంఖ్యలు మార్చి పదులసార్లు నడిపేది అందుకే. ముప్పై రోజుల్లో ఇరవై ఎనిమిది బాగుండి రెండు రోజులు దారుణంగా ఉండే ఉపాయాన్ని అప్పుడే పట్టుకోగలం.

మామూలు కార్లు, చిన్న లారీలు మలుపులో ఎదురెదురుగా దాటుకోగలవు. చిక్కంతా పొడవాటి ట్రైలర్లతోనే. అందువల్ల అందరినీ ఆపే సిగ్నల్ కంటే, ట్రైలర్ వస్తున్నట్టు సెన్సర్ పసిగట్టినప్పుడు మాత్రమే ఎదుటి వైపును ఆపే సిగ్నల్ మెరుగు కావచ్చు. 'స్మార్ట్' అనే మాటకు ఇక్కడ అర్థం ఇంతే. హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా కూడళ్లలో గూగుల్ 'గ్రీన్ లైట్' పథకం సిగ్నల్ వేళల్ని సవరించమని సూచనలిస్తోంది. అది మ్యాప్స్ వాడేవారి ప్రయాణ వివరాల మీద ఆధారపడుతుంది. ఘాట్‌లో మొబైల్ సంకేతం తెగిపోయే చోట్ల ఆ ఆధారం బలహీనం. కరెంటు పోయిన రాత్రి, సెన్సర్ మీద బురద పడిన రోజు, డ్రైవర్లలో పదోవంతు మంది ఎర్ర దీపాన్ని లెక్కచేయని వేళ వ్యవస్థ ఏమవుతుందో కూడా నమూనాలో నడిపి చూడాలి. చెడిపోయినప్పుడు పాత స్థితికన్నా అధ్వానమయ్యే తెలివి బస్తర్‌కు పనికిరాదు.

క్రేన్ ఎంత దూరంలో ఉంది?

సిగ్నళ్ల గురించి ఇంత మాట్లాడుకున్నా, ఘాట్ స్తంభించడానికి మూలం చాలాసార్లు ఒకే ఒక్క చెడిపోయిన లారీ. దాని లెక్క ఇంకా ఆసక్తికరం.

ఒక వైపు గంటకు 200 వాహనాలు వస్తున్నాయి, దారి రెండు గంటలు మూసుకుపోయింది. 400 వాహనాలు పోగయ్యాయి. దారి తెరిచాక ఎదురు వాహనాలను తప్పించుకుంటూ గంటకు 300 వెళ్లగలవు. కొత్తగా 200 వస్తూనే ఉంటాయి కాబట్టి బారు గంటకు 100 చొప్పునే తగ్గుతుంది. పూర్తిగా కరగడానికి నాలుగు గంటలు. అంటే రెండు గంటల అడ్డంకి ఆరు గంటల ఇబ్బంది. అందరి ఆలస్యం కలిపితే 1,200 వాహన-గంటలు.

క్రేన్ ఒక గంట ముందే వచ్చి దారి తెరిస్తే? పోగయ్యేవి 200, కరగడానికి రెండు గంటలు, మొత్తం ఆలస్యం 300 వాహన-గంటలు. అడ్డంకి సగానికి తగ్గితే ఆలస్యం నాలుగో వంతుకు పడింది. ఆలస్యం అడ్డంకి కాలానికి వర్గం చొప్పున పెరుగుతుంది. అందువల్ల కేశ్‌కాల్ ఊళ్లో ఒకటి, కొండ దిగువన ఒకటి క్రేన్ సిద్ధంగా ఉంచడం, ఎక్కేముందే ఇంజిన్, బ్రేకులు తనిఖీ చేసే చోటు ఏర్పాటు చేయడం వంటి మామూలు పనులు కెమెరాల వరుసను ఓడించే అవకాశం గట్టిగానే ఉంది. అనుకరణలో వీటినీ ఇతర ఉపాయాలతో సమానంగా పోటీకి నిలపాలి. సాధారణంగా నిలపరు. అమ్మేవాళ్లు ఉన్న ఉపాయాలే నమూనాలోకి ముందుగా వస్తాయి.

ఏది గెలిచిందో తేల్చే కొలబద్ద మరో చిక్కు. ఆలస్యాన్ని వాహన-గంటల్లో కొలిస్తే యాభై మంది ఉన్న బస్సు, ఒక్క డ్రైవర్ ఉన్న లారీ సమానమైపోతాయి. మనిషి-గంటల్లో కొలిస్తే లెక్క మారుతుంది. అంబులెన్స్‌ను చూస్తే మళ్లీ మారుతుంది. దానికి సగటు సమయం అర్థం లేనిది. వంద ప్రయాణాల్లో అతి ఆలస్యమైన ఐదు ఎంత ఆలస్యమయ్యాయన్నదే అక్కడ అసలు ప్రశ్న. ఘాట్ మొత్తానికి వంతులు పెట్టిన ఉపాయంలో, అంబులెన్స్ ఎదుటి వైపు పచ్చ దీపం వెలుగుతుండగా వస్తే ముందు ఎదుటి వాహనాలు దిగేదాకా ఆగాలి. ఎంత తొందర చేసినా 12 నిమిషాలు. మలుపు దగ్గరి వంతుల్లో అది 36 సెకన్లు. కానీ మధ్యలో బారు తీరి ఉంటే పక్కనుంచి దూరడానికి చోటు కావాలి. నమూనాలో రోడ్డు అంచు వెడల్పును మీటరుకు మీటరు సరిగ్గా పెట్టకపోతే ఈ ప్రశ్నకు వచ్చే జవాబు నమ్మదగినది కాదు.

లారీలను కొండ కిందే ఆపి కొన్ని వేళల్లో వదలడం ఇంకో ఉపాయం. తెర మీద అది అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే బారు ఘాట్‌లోంచి మాయమై తెర అంచుకు జరుగుతుంది. అక్కడ ఆగిన డ్రైవర్‌కు నీళ్లు, మరుగుదొడ్డి, లారీ నిలుపుకునే చోటు ఉన్నాయా అన్నది సాఫ్ట్‌వేర్ అడగదు. అందుకే నమూనా సరిహద్దును కాంకేర్, కొండాగావ్ దాకా చాపాలి.

సొరంగం తెరుచుకున్నాక

రాయ్‌పూర్, విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి నిర్మాణంలో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ధమ్తరి, కాంకేర్, కొండాగావ్ జిల్లాల మీదుగా సాగి, ఒడిశాలో నవరంగ్‌పూర్, కోరాపుట్ దాటి ఆంధ్రాలో అడుగుపెడుతుంది. కేశ్‌కాల్ కొండల ప్రాంతంలో దాని కోసం దాదాపు 2.8 కిలోమీటర్ల జంట సొరంగం తవ్వారు. విశాఖ వైపు పోయే లారీలు అటు మళ్లితే పాత ఘాట్‌కు ఊరట దొరుకుతుంది. అయితే ఆ రహదారి జగదల్‌పూర్ గుండా వెళ్లదు. బస్తర్, సుక్మా, దంతెవాడ, బీజాపూర్ వాహనాల్లో ఎన్ని అటు మళ్లుతాయన్నది టోల్ ధర, ఎక్కే దిగే చోట్లు నిర్ణయిస్తాయి. కొత్త దారి కలిపినప్పుడు మొత్తం ప్రయాణ సమయం పెరిగే సందర్భాలు కూడా ఉంటాయని 1968లోనే జర్మన్ గణితజ్ఞుడు డీట్రిచ్ బ్రేస్ నిరూపించారు. కాబట్టి ఘాట్ ఒక్కదాని నమూనా చాలదు, రెండు దారులూ కలిసిన వల కావాలి.

పాత సంఖ్యలతోనే చూస్తే, సగం వాహనాలు సొరంగంలోకి వెళ్లాయనుకుందాం. గంటకు 100 మాత్రమే ఘాట్‌కు వస్తాయి. లారీ చెడిపోయి రెండు గంటలు దారి మూసుకుంటే 200 పోగవుతాయి. తెరిచాక ఒక గంటలో కరుగుతాయి. మొత్తం ఆలస్యం 300 వాహన-గంటలు. క్రేన్ ఒక గంట ముందే వచ్చినప్పుడు వచ్చిన సంఖ్య కూడా సరిగ్గా ఇదే. రెండూ కలిస్తే, అంటే గంటకు 100 వాహనాలు, గంట అడ్డంకి అయితే, 75.